మూడేళ్ల రెండు నెలలు

బోధన్ పక్కనే శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో చివరి వరుస. వాకిట్లో పీట మీద కూతుర్ని కూర్చోబెట్టి, మోషే ఆ పిల్ల కుడిచేతిని తల మీదుగా ఎడమ చెవి వైపు లాగుతున్నాడు.

"బాపూ, నొస్తుంది."

"ఒక్క నిమిషమే. తల ఒంచు. ఇంకొంచెం. ఆఁ, అందింది! సూసినవానే అవ్వా, చెవి అందింది!"

గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న అతని తల్లి శారమ్మ తల ఎత్తలేదు. "తల ఒంచితే అందింది. మెడ ఇరిస్తే ఇంకా మంచిగ అందుతది" అంది.

పది రోజులుగా ఆ ఇంట్లో ఇదే తంతు. తల మీదుగా చెయ్యి వేస్తే అవతలి చెవి అందిన పిల్ల బడికి తయారైనట్టని వెనకటి పెద్దలు అనుకునేవారు. పుట్టిన తేదీలు ఎవరూ రాసిపెట్టుకోని రోజుల్లో ఆ కొలత వాళ్లకు ఎంతో కొంత పనికొచ్చింది. మోషేకు అటువంటి ఇబ్బంది లేదు. రూతు 1990 ఏప్రిల్లో పుట్టింది. చర్చిలో బాప్తిస్మపు పుస్తకం తెరిస్తే తేదీ కనబడుతుంది. ఇప్పుడు 1993 జూన్. అంటే పిల్లకు మూడేళ్ల రెండు నెలలు. ఆ సంగతి తెలిసే అతను చెయ్యి లాగుతున్నాడు.

పొయ్యి దగ్గర నుంచి అతని భార్య కమలమ్మ లేచి వచ్చింది. "దానికింకా మాటలే సక్కగ వస్తలెవ్వు. ఒంటికొస్తే నోటితోని సెప్పదు, నా కొంగు వట్టుకొని గుంజుతది. గింత పోరిని తీస్కపోయి ఎవలకు అప్పజెప్పుతవయ్యా?"

"నువ్వు నోరు ముయ్యి. రాజనర్సు బిడ్డ ఇంగ్లిష్ల పాటలు పాడుతుందని ఫ్యాక్టరీ అంతా సెప్పుకుంటుండ్రు. నా బిడ్డ ఈడ కోళ్లెంబడి తిరుగాల్నా?"

"రాజనర్సు బిడ్డకు అయిదేండ్లు. గది పళ్లూడే పిల్ల. గీ పోరి నిన్న మొన్న పాలు మాన్పిచ్చిన పిల్ల."

"అందుకే వెనుకబడుతున్నం మనం" అన్నాడు మోషే. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కూతురి మీద ప్రేమ కన్నా వేరే ఎవరి మీదో కసి ఎక్కువ వినబడింది.

ఆ కసికి ఒక కారణముంది. మోషే చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చేతిలో పనితనమున్నవాడు. గానుగలో ఏ రోలరు ఎందుకు మొరాయిస్తుందో చెవి పెట్టి విని చెప్పగలడు. కిందటి సీజన్లో కొత్తగా వచ్చిన ఇంజనీరు ఇంగ్లిషులో ఏదో సామాను తెమ్మంటే, అర్థం కాక మరొకటి తెచ్చాడు. అక్కడే ఉన్న టైమాఫీసు గుమాస్తా రాజనర్సు పకపకా నవ్వి, "మోషేకు ఇంగ్లిష్ అంటే తలకాయ నొప్పి సార్" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు మోషే లోపల సీల దిగినట్టు దిగింది. ఎప్పటికైనా రాజనర్సు ముందర తన బిడ్డ చేత ఇంగ్లిషు మాట్లాడించాలి. అంతవరకు నిద్ర పట్టదనుకున్నాడు. మూడేళ్ల పిల్ల మీద తండ్రి తన అవమానాన్ని మూటగట్టి పెడుతున్నాడని అతనికి తోచలేదు. మనలో చాలామందికి తోచదు.

బోధన్‌లో అప్పుడప్పుడే ఇంగ్లిషు మీడియం బళ్లు మొలుస్తున్నాయి. బస్టాండు వెనక ఒక పాత బియ్యం గోదామును నాలుగు గదులుగా అడ్డం కట్టి, ముందు రంగుల బోర్డు తగిలించి, రామ్‌దాస్ అనే ఆయన ఒక స్కూలు తెరిచాడు. పైన రేకులు కాబట్టి జనం దాన్ని రేకుల కాన్వెంటు అనేవారు. రాజనర్సు బిడ్డ శ్రీలత అందులోనే నర్సరీ చదివి, ఇప్పుడు ఎల్‌కేజీలో చేరబోతోంది. మోషే మరో బడి చూడలేదు. ఆ బడిలో కూడా బోర్డు తప్ప ఏమీ చూడలేదు.

చేర్చే రోజు రామ్‌దాస్ బల్ల వెనక కూర్చుని, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నాడు. రూతు తల్లి కొంగులో మొహం దాచుకుంది. రంగు చూపించి పేరడిగాడు. పూల బొమ్మ చూపించాడు. పిల్ల కొంగులోంచి బయటికి రాలేదు.

"వయసెంత?"

కమలమ్మ నోరు తెరిచేలోపలే మోషే అందుకున్నాడు. "నాలుగున్నర సార్."

రామ్‌దాస్ పిల్లను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. నాలుగున్నరేళ్ల పిల్ల ఎలా ఉంటుందో ఆయనకు తెలియదా! కాని బెంచీలు ఇంకా నిండలేదు. "మరీ మొద్దుగా ఉంది. అయినా మేం దారిలో పెడతాం" అంటూ దరఖాస్తు ముందుకు జరిపాడు. పుట్టిన తేదీ గడిలో 1989 జనవరి అని రాయించి, మోషే కింద సంతకం చేశాడు. కమలమ్మ నేల వైపు చూస్తూ నిలబడింది. ఆ రోజు మాట్లాడనందుకు ఆమె తనను తాను తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

బయటికి వచ్చాక ఒక్క మాట అంది. "సర్చి పుస్తకంల తేదీ ఎట్ల దిద్దుతవ్?"

"నడువు" అన్నాడు మోషే.

మొదటి వారమంతా రూతు ఏడ్చింది. అందరు పిల్లలూ ఏడుస్తారన్నారు. రెండో వారం వాంతి చేసుకుంది. మూడో వారం నుంచి తడిసిన గౌనుతో ఇంటికి రావడం మొదలుపెట్టింది. కమలమ్మ అడిగితే మాట్లాడదు. ఒకరోజు ఒళ్లో పడుకోబెట్టుకుని బుజ్జగిస్తే, ముక్కలు ముక్కలుగా సంగతి బయటపడింది. ఆ బడిలో తెలుగు మాట్లాడకూడదు. ఒంటికొస్తే లేచి నిలబడి "మే ఐ గో ఔట్ మిస్" అనాలి. రూతుకు ఆ మాట నోరు తిరగదు. "ఒంటికొస్తుంది మిస్" అంటే పంపరు. అడగకుండా పోతే స్కేలుతో కొడతారు. ఆపుకొని ఆపుకొని, చివరికి కూర్చున్న చోటే పోసేది. అప్పుడు తడి గౌనుతో వరండాలో నిలబెట్టేవారు. పిల్లలు చూసి నవ్వేవారు.

"తీస్కరా పోరిని. ఇంకో ఏడాది నా దగ్గెర ఉండనీ" అంది శారమ్మ కొడుకుతో. ఆమె డిచ్‌పల్లి మిషన్ దవాఖానాలో ఇరవై ఏళ్లు ఆయాగా చేసింది. "ఒంటికొస్తే సెప్పుకోరానంత భయం ఉన్న తావుల పోరికి ఏం సదువొస్తదిరా?"

"అలవాటైతది. నువ్వు మధ్యల రాకు."

ఆగస్టులో స్కూలు డైరీలో మిస్ ఇంగ్లిషులో ఏదో రాసి పంపింది. మోషే దాన్ని జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి పోయాడు. చదివించుకోవడానికి రాజనర్సు తప్ప వేరే దిక్కు లేదు. రాజనర్సు కళ్లజోడు సవరించుకుని, టైమాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ పదిమందికీ వినబడేట్టు చదివి, తెలుగులో చెప్పాడు. "నీ బిడ్డ రోజూ బెంచీ తడుపుతుందట మోషే. పక్కన కూసునే పిల్లల తల్లిదండ్రులు కంప్లెయింట్ చేస్తుండ్రట. మా శ్రీలత కూడా సెప్పింది తియ్. వాసనొస్తదని దూరం కూసుంటదట."

మోషే చెవులు ఎర్రబడ్డాయి. డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, గౌను విడుస్తున్న రూతును రెక్క పట్టుకుని లాగాడు. తొడ మీద నాలుగు వేళ్లూ తేలేట్టు కొట్టాడు. "మల్ల తడుపుతవా? తడుపుతవా సెప్పు!" పిల్ల ఊపిరి బిగబట్టింది. ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. కమలమ్మ పరుగెత్తుకొచ్చి మధ్యలో పడింది.

"దాన్నేం కొడ్తవ్? నన్ను అడుగు, నన్ను కొట్టు! ఎవడో నవ్విండని ఇంట్ల పోరిని సంపుతవా?"

ఆమెనూ తోసేశాడు. శారమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత కొడుకుతో పది రోజులు మాట్లాడలేదు.

మరునాడు మోషే స్కూలుకు పోయి మిస్ ముందు నిలబడ్డాడు. ఆమెకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఇంటర్ తప్పి, ఊరికే కూర్చోలేక వచ్చిన పిల్ల. "కండ్లు రెండు విడిచిపెట్టి తోలు తియ్యుండ్రి మిస్. నేనేమన" అని చెప్పి వచ్చాడు. బిడ్డ బాగు కోసమే ఆ మాట చెప్పాననుకున్నాడు.

చిత్రంగా, దసరా సెలవుల తర్వాత ఫిర్యాదులు ఆగిపోయాయి. గౌను పొడిగా వస్తోంది. డైరీ ఖాళీగా వస్తోంది. మోషే ఇంట్లో గర్వంగా అన్నాడు. "సూసిండ్రా? ఒక్క దెబ్బకు దారికొచ్చింది. మీరిద్దరు ముద్దు జేసి పాడు జేసిండ్రు."

కాని కమలమ్మ మరొకటి గమనించింది. పిల్ల పొద్దున లేస్తే నీళ్లు ముట్టదు. పాలిస్తే పళ్లు బిగబడుతుంది. అన్నంలో చారు పోస్తే పక్కకు తోస్తుంది. సీసాలో నింపి పంపిన నీళ్లు సాయంత్రం నిండుగా తిరిగొస్తాయి. పెదవులు ఎండి పగిలాయి. "పోరి నీళ్లు తాగుతలేదయ్యా" అంటే, "చలికాలమొచ్చింది, దూప కాదు" అన్నాడు మోషే. గానుగ సీజను మొదలైంది. చెరుకు బండ్లు గేటు బయట మైలు పొడుగునా నిలబడ్డాయి. అతనికి ఇల్లు చూసుకునే తీరిక లేదు.

నవంబరు నెలాఖరులో పిల్లకు జ్వరమొచ్చింది. మందులిస్తే దిగడం, మళ్లీ ఎక్కడం. నాలుగో రోజు పొద్దున చలితో వణుకుతూ, పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. కళ్లు తేలవేసింది. కమలమ్మ కేకకు పక్క క్వార్టరు సత్తవ్వ ఉరికొచ్చి, తన మగడిని ఫ్యాక్టరీకి పంపి మోషేను పిలిపించింది. మొగుడూ పెళ్లాం పిల్లను ఎత్తుకుని, దొరికిన జీపెక్కి నిజామాబాద్ పోయారు.

పిల్లల డాక్టరు పరీక్షలు చేయించి, సెలైను పెట్టించి, తల్లిని అడిగాడు. "రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తుంది?"

"పొద్దుగాల బడికి పోయేటప్పుడు ఒకపారి. మల్ల ఇంటికొచ్చినంకనే సారు."

"నీళ్లు?"

"బడిదినాల్ల సుక్క ముట్టదు."

డాక్టరు మొహం గట్టిపడింది. "గంటల కొద్దీ బిగబట్టి, నీళ్లు మానేసి, లోపల చీము పట్టింది. మూత్రపిండాల దాకా పోయింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే నేను చేసేదేం ఉండేది కాదు. ఇంత చిన్న పిల్లను ఏ బడిలో వేశారు? ఎవరు వేయమన్నారు?"

మోషే గోడ వైపు చూశాడు. జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో అతనికీ తెలుసు, కమలమ్మకూ తెలుసు.

మరునాడు మధ్యాహ్నం జ్వరం కొంత తగ్గింది. మోషే టీ పట్టుకుని వార్డులోకి వస్తుంటే, నర్సమ్మ గ్లాసుతో నీళ్లు తాగించబోతోంది. రూతు మొహం తిప్పుకుంటోంది.

"తాగు బిడ్డా, గొంతు ఎండుతది."

"వద్దు. ఒంటికొస్తది."

"వస్తే పోదాం. నేను తీస్కపోతా."

"మిస్ కొడ్తది" అంటూ పిల్ల తల తిప్పింది. గుమ్మంలో నిలబడ్డ తండ్రి కనబడ్డాడు. ఒక్కసారిగా నర్సమ్మ చేతిలోని గ్లాసును రెండు చేతులతో నెట్టేసింది. నీళ్లు పక్క మీద ఒలికాయి. పిల్ల గజగజలాడుతూ గోడకు జరిగింది. "తాగలే బాపూ! నేను తాగలే! కొట్టకు!"

మోషే చేతిలోని టీ గ్లాసు వేళ్లను కాలుస్తున్నా అతనికి తెలియలేదు. దగ్గరికి పోబోయాడు. కమలమ్మ లేచి అడ్డం నిలబడింది.

"నువ్వు బయటికి పో" అంది. అరవలేదు. తిట్టలేదు. "అది నిన్ను సూస్తే నీళ్లు తాగదు. పో."

మోషే బయటికొచ్చాడు. గుండెల్లో రగిలిన మంట ఎవరి మీదికో ఒకరి మీదికి పోవాలి. బస్సెక్కి నేరుగా బోధన్‌లో దిగి, రేకుల కాన్వెంటులోకి దూసుకుపోయాడు. "బయటికి రా సార్! మూడేండ్ల పోరిని ఒంటికి వోనియ్యకుంట సంపుతార్రా మీరు?" అని కేకలు పెట్టాడు. పిల్లలు బెదిరి చూశారు. మిస్ తలుపు చాటుకు పోయింది.

రామ్‌దాస్ కదల్లేదు. బీరువా తెరిచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "మూడేళ్లా? ఇది ఎవరి సంతకం మోషే? నాలుగేళ్ల పదకొండు నెలల పిల్ల ఒక వాక్యం చెప్పలేదా అని మేం అడిగాం. మీరు రాసిచ్చిన వయసును బట్టి అడిగాం."

"నువ్వు సూసినవ్ కదా! పిల్లను కండ్లతోని సూసే కదా చేర్చుకున్నవ్!"

"చూశాను. మీలాంటివాళ్లు రోజుకు పదిమంది వస్తారు. కాదంటే పక్క వీధి బడికి పోతారు. నన్ను తిట్టి పోతారు. ఎవరూ మా పిల్ల చిన్నది, కొన్నాళ్లాగుతామని అనరు. నేను తప్పు చేయలేదనను. కాని నా తప్పుకు తాళం తీసింది మీ చెయ్యి."

తలుపు చాటు నుంచి మిస్ అంది. "మీరే చెప్పారు కదండీ... తోలు తియ్యమని."

కొట్టడానికి లేచిన మోషే చెయ్యి కిందికి వాలింది. ఆ కాగితం మీద తన సంతకం గట్టిగా, వంకర లేకుండా, ధీమాగా ఉంది. దాన్ని బల్ల మీదే వదిలి వెళ్లిపోయాడు. రూతు మళ్లీ ఆ బడి గుమ్మం తొక్కలేదు.

పిల్ల పన్నెండు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. కాని తండ్రి ఇంట్లో అడుగుపెడితే నానమ్మ వెనక దాక్కునేది. మోషే ఎన్ని బొమ్మలు తెచ్చినా ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది. ఫ్యాక్టరీలో రాజనర్సు ఊరుకోలేదు. "అందరికి సదువు అబ్బదు మోషే. పోనీలే, పెద్దగైనంక చెరుకు నరకబోతది" అన్నాడు. ఇదివరకైతే మోషే పళ్లు పటపట కొరికి, ఇంటికొచ్చి ఎవరినో కొట్టేవాడు. ఇప్పుడు రాజనర్సు కళ్లలోకి చూసి, "నరకనీ. బతికుంటే సాలు" అని పానా అందుకుని పోయాడు. నలుగురి నవ్వును మింగి ఊరుకోవడం అతను నేర్చుకున్న మొదటి పాఠం. అది అంత తేలిగ్గా రాలేదు. రోజూ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

ఏడాదిన్నర రూతు ఇంట్లోనే ఉంది. నానమ్మతో చిక్కుడు గింజలు వలిచింది, చర్చిలో పాటలు నేర్చింది, సత్తవ్వ పిల్లలతో కొట్లాడింది, కలిసింది. చూసిందల్లా వచ్చి కథలాగా చెప్పడం మొదలుపెట్టింది. ఆగమన్నా ఆగేది కాదు.

1995 జూన్ నాటికి పిల్లకు అయిదేళ్లు నిండాయి. ఫ్యాక్టరీ మూసి ఉండే వానాకాలం. మోషే ఈసారి వారం రోజులు బళ్ల చుట్టూ తిరిగాడు. సరిగ్గా ఇంటర్వెల్ సమయానికి పోయి గేటు దగ్గర నిలబడేవాడు. పిల్లలు నీళ్లెక్కడ తాగుతున్నారు, ఒంటికి ఎక్కడికి పోతున్నారు, టీచరు పిలిస్తే ఉరికొస్తున్నారా, ఒదిగిపోతున్నారా అని చూసేవాడు. అద్దాల కిటికీల బడి ఒకటి చూశాడు. అక్కడ గంట కొట్టగానే పిల్లలు ఊపిరి తీయనట్టు నిశ్శబ్దమైపోయారు. లోపలికి కూడా పోకుండా తిరిగొచ్చాడు. చివరికి రెండు గదుల తెలుగు బడి ఒకటి చూశాడు. గోడలకు సున్నం లేదు. టీచరు గంగమణి నేల మీద కూర్చుని, ముక్కు కారుతున్న పిల్ల చెప్పే సంగతిని అడ్డం రాకుండా వింటోంది.

"మా బిడ్డకు ఏబీసీడీలు రావమ్మా" అన్నాడు మోషే, ముందే ఒప్పుకుంటున్నట్టు.

"అవి నేర్పేదానికే నేనున్న అన్నా. అవి నా పని. నువ్వు వేరే సంగతులు సెప్పు. తన చేతితోని అన్నం తింటదా? ఒంటికొస్తే, నొప్పొస్తే నోరు తెరిచి సెప్తదా? తల్లి కనబడకున్నా కొంచెంసేపు నలుగురు పిల్లలతోని ఉంటదా?"

"రెండేండ్ల కింద ఇవన్నీ రావమ్మా. అయినా నేనే..." జరిగిందంతా చెప్పాడు. పుట్టిన తేదీ చర్చి పుస్తకం నుంచి రాయించుకొచ్చిన కాగితం ముందు పెట్టాడు.

గంగమణి ఓదార్చలేదు. "నీ అసుంటి తండ్రులను ఏడాదికి పదిమందిని సూస్తున్న. కోపమొస్తది నాకు" అంది ముక్కుసూటిగా. "పిల్లను పంపు. నానమ్మను బయట అరుగు మీద కూసోమను. ఎన్ని దినాలైతే అన్ని దినాలు."

నాలుగు రోజులు రూతు గదిలో కూర్చుని గడప వైపే చూసింది. అయిదో రోజు ఆట మధ్యలో బయటికొచ్చి, చెమట తుడుచుకుంటూ శారమ్మతో, "నువ్వింటికి పో నానమ్మా. మాకు ఇంకా ఆట ఉంది" అని చెప్పి లోపలికి ఉరికింది.

శారమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెబితే కమలమ్మ కళ్లు తుడుచుకుంది. మోషే వైపు తిరిగి, "బిడ్డ మర్సిపోయింది. నేను మాత్రం మర్వ" అంది. మోషే తల ఊపాడు. మరవద్దనే అతనూ కోరుకున్నాడు.

ఆ సీజన్లో ఒకనాడు క్యాంటీన్లో కొత్తగా చేరిన నర్సింలు అతని పక్కన కూర్చున్నాడు. "అన్నా, మా బిడ్డకు మొన్ననే మూడేండ్లు నిండినయ్. రాజనర్సు సార్ రేకుల కాన్వెంటుల ఎయ్యమంటుండు. వయసు ఒక ఏడాది ఎక్కువ రాస్తే తీస్కుంటరట. ఏమంటవ్?"

మోషే తింటున్న చెయ్యి ఆగింది. పక్క బల్ల దగ్గరున్న రాజనర్సు తల తిప్పి చూశాడు. మోషే అతనికి కూడా వినబడేట్టు, కోపంగా, గట్టిగా చెప్పాడు.

"ఏసుడు ఏందిరా? నీ బిడ్డ బాయిలేసే బొక్కెనా? ఉన్న వయసు ఉన్నట్టు రాయి. తన కష్టం తాను నోరు తెరిచి సెప్పుకునేదాక పిల్లను ఇంట్ల ఉంచు. బడికి పోతే బోర్డు సూడకు, అండ్ల పిల్లలు భయపడుతున్నరా, నవ్వుతున్నరా సూడు. సదువు పిల్ల ఈడును బట్టి మొదలువెట్టాలె నర్సింలూ. తండ్రి రోషం తీర్చుకునేదానికి పిల్లను బడికి తోల్తే, ఆ దెబ్బ పిల్లకే తాకుతది."